బయట పెట్టిన బల్ల

పోయిన వారం వదిన తన చెవుల మీది హెడ్‌ఫోన్స్ లాగి కుర్చీలో పడేసి, మరిది కూర్చున్న గది తలుపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది. తలుపు తెరుచుకునేలోగా, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు.

ఆ ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరు. పెద్దవాడు వడ్రంగి. చిన్నవాడు గిటార్ వాయిస్తాడు. పెద్దవాడి భార్య పాడుతుంది. వదినా మరిదీ ఒకే చెక్కబల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఇద్దరికీ కలిపి ఒకే మైకు పెట్టుకుని పాటలు కడతారు. జనం వాళ్ళకు బల్లజంట అని పేరు పెట్టేశారు. ఇప్పటికి మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. రెండోదాని నుంచి ఒక్కోదానికీ మరిది తీగలు వదులు చేసి శ్రుతి దించుకుంటూ పోయాడు. వదిన గొంతు కూడా వాటి వెంట దిగింది. విన్నవాళ్ళు ముసురు పట్టిన పాటలన్నారు. నూతి అడుగు నుంచి ఎవరో పిలుస్తున్నట్టుందన్నారు. ఆ చీకటికే మరిగి, ఇంకా ఇంకా అన్నారు.

నాలుగో ఆల్బమ్ పేరు ‘లోగొంతుక’. ఏడు పాటలు అయిపోయాయి. ఎనిమిదోది వదిన ఎప్పుడో సొంతంగా కట్టుకున్న పాట, పైస్థాయిది. మరిది దాన్ని ఏళ్ళ తరబడి పక్కకు నెడుతూ వచ్చాడు. ఈసారి వదిన పట్టు విడవలేదు. ఇవాళ సాయంత్రంతో స్టూడియో ఖాళీ చెయ్యాలి. ఈలోగా కుదరకపోతే ఆ పాటకు ఇంకో గిటారిస్టుని పెట్టుకుంటామని ఆల్బమ్ వేసే కంపెనీవాళ్ళు తేల్చేశారు. ఈ ఒక్క పాటకూ గొంతు వేరుగా, గిటార్ వేరుగా రికార్డు కావాలన్నది కూడా వాళ్ళే. అందుకని సౌండాయన ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి, కిర్రుమంటోందని బల్లను నడవలో పెట్టించాడు. పొద్దుటి నుంచి పాట ఎన్నిసార్లు ఎత్తుకున్నా మరిది దారి తప్పుతూనే ఉన్నాడు. ఆమె ఒక చోట, అతనొక చోట.

తలుపు తెరుచుకుంది.

మరిది గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. గోడల నిండా కొట్టిన బూడిదరంగు మెత్తల మధ్య, బస్తాలో కుక్కినట్టున్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. వట్టి కాళ్ళతో వాయించడం అతనికి ఎప్పటి నుంచో అలవాటు. జనం అది భక్తి అనుకుంటారు. వదిన కూడా అలాగే అనుకుంది. హెడ్‌ఫోన్స్ మెడలోకి జారి ఉన్నాయి.

“ఏం మరిదిగారూ, నన్నింకా ఎంతసేపు నవ్వులపాలు చేద్దామని?” అంది వెనక నుంచి.

అతను తిరగలేదు. వేళ్ళు తీగల మీద ఊరికే నడుస్తున్నాయి.

“నిన్నే! గోడతో మాట్లాడుతున్నానా నేను?”

ఉలుకూ లేదు, పలుకూ లేదు. వదినకు ఒళ్ళు మండింది. చరచరా ముందుకు వెళ్ళి గిటార్ మెడ పట్టుకుంది. అప్పుడు ఉలిక్కిపడి తల ఎత్తాడు. ఆమె ముఖం చూసి, అందులో ఏముందో అర్థం చేసుకోకుండానే నవ్వాడు.

“వచ్చావా వదినా. ఈసారి బాగా వచ్చింది కదూ?”

“ఎకసెక్కమా?”

“అయ్యో, ఎకసెక్కం ఏంటి...”

“నేను రెండో చరణంలో ఉంటే నువ్వు మొదటి చరణంలో ఉన్నావు. నేను ఆగాక కూడా వాయిస్తూనే ఉన్నావు. అది బాగా రావడమా? ఎర్రలైటు వెలిగాక ఆగకూడదు, ఒకరు తప్పితే రెండోవాళ్ళు ఆ తప్పు వెంటే వెళ్ళాలి. ఆ కట్టుబాటు పెట్టింది ఎవరు? నువ్వే కదా! ఏడు పాటలకూ ఉన్న కట్టుబాటు నా పాట దగ్గరకొచ్చేసరికి ఎటు పోయింది?”

మరిది ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఎవరు మాట్లాడినా అంతే, ముఖంలో ముఖం పెట్టి వింటాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అలా ఉండేవాడు కాదు. ఎటో చూస్తూ వినేవాడు. పెద్దవాడవుతున్నకొద్దీ మర్యాద నేర్చాడనుకుంది వదిన.

సౌండాయన రెండు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి. రోజంతా చెవులు మూసుకుని కూర్చునే పని కాబట్టి, అవి తెరుచుకోగానే నోరు ఆగదు.

“అమ్మా, అయ్యా, ఈ టీ తాగి కొట్టుకోండి. లోపల మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. మీ గొడవ రికార్డయితే, ఇదే ఎనిమిదో పాటని వేసేస్తారు కంపెనీవాళ్ళు. జనం అది కూడా ముసురు పట్టినట్టు ఉందంటారు.”

ఆయన గ్లాసులు కింద పెట్టి, మైకు ఆపేశాడు.

“ఇతనికి నా పాటంటే కుళ్ళండీ,” అంది వదిన ఆయనతో. “ఎప్పట్నుంచో. నేనది ఎత్తుకుంటే చాలు, మంచినీళ్ళని లేచిపోతాడు. ఎన్ని కడవలు తాగాడో!”

“బాగాలేదని ఎప్పుడన్నా అన్నానా వదినా?”

“బాగుందని అన్నావా?”

మరిది తల దించుకున్నాడు. మళ్ళీ చటుక్కున ఎత్తి ఆమె పెదాల వైపు చూశాడు, ఈలోగా ఏదైనా అనేసిందేమోనని భయపడ్డట్టు.

“నా గొంతు ఎక్కడుండేది? ఎక్కడికి తెచ్చావు?” అంది వదిన. “నేను పెరట్లోంచి పిలిస్తే వీధి చివర పనిలో ఉన్న మీ అన్న రంపం ఆపేవారు. ఇప్పుడు పక్కగదిలోకి వినపడదు. నువ్వు దించావు, నేను దిగాను. ఇంకా దించావు, ఇంకా దిగాను. మొన్న ఆరో పాటప్పుడు అడుగున ఇంక గొంతే లేదు నాకు, వట్టి గాలి. దాన్నీ మెచ్చుకున్నారు. పైన నాకంటూ మిగిలింది ఈ ఒక్క పాట. ఇది కూడా ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వాయిస్తే నేను పాడాలా? అంతకంటే పాడకపోవడం మేలు. ఇంటికెళ్ళి మళ్ళీ నోరు తెరవను. చెబుతున్నాను చూడు.”

ఆ మాట అంటూ గోడవైపు తిరిగిపోయింది, కళ్ళనీళ్ళు కనపడకుండా. తిరిగాక ఇంకో మాట అంది. అనకూడని మాట. ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చింది నీ చేతికింద చావడానికా అని.

వెనక నుంచి మరిది మామూలుగా అడిగాడు.

“టీ చల్లారిపోతోంది వదినా. తాగుతావా?”

ఇంత మొండి గుండె మనిషికి ఉంటుందా అనుకుంది వదిన.

సౌండాయన ఈ గొడవ ఎలా చల్లార్చాలో తెలియక, మరిది మెడలోంచి హెడ్‌ఫోన్స్ తీసి వైర్లు సర్దబోయాడు. పక్కనే ఉన్న చిన్న పెట్టె మీద సౌండు పెంచే గుండీ చూసి ఆగాడు. దాన్ని వేలితో కదిపి చూశాడు. ఇంక తిరగదు. హెడ్‌ఫోన్స్ ఒకవైపు చెవి దగ్గర పెట్టుకుని, చేతిలో ఉన్న ఫోన్‌తో పొద్దుటి పాట పెట్టాడు. వెంటనే “అమ్మో” అని వాటిని వదిలేశాడు. హెడ్‌ఫోన్స్ గది మధ్యలో పడి కీచుమన్నాయి.

“ఇదేంటయ్యా! మొత్తం చివరిదాకా తిప్పేసుకున్నావు. ఇంత పెట్టుకుంటే నా చెవులైతే పగిలేవి. నీకెలా...”

ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. మరిది ఒకసారి సౌండాయన ముఖం వైపు, ఒకసారి వదిన ముఖం వైపు చూస్తున్నాడు. కింద పడిన హెడ్‌ఫోన్స్‌లో వదిన గొంతు కొండెక్కిన మనిషిలా అరుస్తోంది. అతనొక్కడే అటు చూడలేదు.

అప్పుడే నడవలో అడుగుల చప్పుడయింది. అన్నం క్యారేజీ గట్టిగా నేల మీద పెట్టిన చప్పుడు. తర్వాత వడ్రంగి గొంతు.

“బల్ల బయటెవరు పెట్టారు?”

నడిరోడ్డు మీద పసిపిల్లను చూసిన మనిషి అడిగినట్టుంది. ఆ గొంతు వదిన ఇంతకుముందు ఎరగదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి దేనికీ కంగారుపడలేదు. ఉలి జారి బొటనవేలు తెగినప్పుడు కూడా గుడ్డ పీలిక అడిగాడంతే.

వడ్రంగి లోపలికి వచ్చాడు. చొక్కా మీద రంపపు పొట్టు అలాగే ఉంది. వచ్చి భార్యను చూడలేదు. తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు తల అడ్డంగా, కనీ కనపడకుండా ఊపాడు.

“ఏవండీ,” అంది వదిన. “బల్ల బయటుంటే మీకేం?”

“ఏం లేదు. దుమ్ము పడుతుందనీ...”

“దుమ్ముకా ఆ చెమటలు?”

వడ్రంగి నుదురు తుడుచుకున్నాడు. పొట్టు నుదుటికి అంటుకుంది.

వదిన ఇద్దరినీ తోసుకుంటూ నడవలోకి వెళ్ళింది. గోడవారగా బల్ల ఉంది. దాని మీద ఇన్నేళ్ళు కూర్చుంది గానీ, ఎదురుగా నిలబడి ఎప్పుడూ చూడలేదు. వంగి పిడికిలితో కొట్టింది. బల్ల మోగింది. అరచెయ్యి ఆనించి ఇంకోసారి కొట్టింది. చెయ్యి జివ్వుమంది. కింద కాళ్ళ మధ్య అడ్డంగా ఉన్న కమ్మీ ఆమె మడమ తగిలే చోట అరిగి నునుపు తేలింది. పాడేటప్పుడు తాళం దాని మీద కొట్టు అని భర్తే చెప్పాడు. పాట కుదురుగా ఉంటుంది అన్నాడు. ఆ కమ్మీ రెండో కొస మరిది పాదాలు ఆనే చోటుకి వెళుతుంది.

వట్టి పాదాలు.

ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది.

“కూర్చునే బల్లకి లోపల డొల్ల ఎందుకు పెట్టారు?” అని అడిగింది.

వడ్రంగి చెప్పాల్సిన పని లేదు, ఆ మోత వట్టి పాదాలకు అందడానికే. మరిది గుమ్మంలోకి వచ్చాడు, గిటార్ ఛాతీకి హత్తుకుని.

“ఎప్పట్నుంచి?” అంది వదిన, ఈసారి అతని ముఖంలో ముఖం పెట్టి.

“రెండో ఆల్బమ్ ముందు నుంచి.”

“ఏం పోయింది?”

“పైవి. ముందు పిట్టలు పోయాయి. ఒకరోజు పొద్దున లేచి, ఈ ఊళ్ళో పిట్టలన్నీ ఏమయ్యాయని అన్నయ్యని అడిగాను. చెట్టు నిండా ఉన్నాయిరా అన్నాడు.” నవ్వబోయాడు, కుదరలేదు. “తర్వాత కుక్కర్ కూత. తర్వాత ఫోను. డాక్టరుకి చూపించాం. నరం ఎండిపోతోందట. పైనుంచి మొదలుపెట్టి కిందకి వస్తుందట. మందు లేదు.”

“అందుకని తీగలు దించావు.”

“నాకు వినపడే చోటుకి దించాను. నువ్వు వెంట వచ్చావు. జనం బాగుందన్నారు. నేను ఊరుకున్నాను.”

సౌండాయన చేతిలో వైరు చుట్ట చుడుతూ, విప్పుతూ నిలబడ్డాడు.

వదిన భర్త వైపు తిరిగింది. “ఒక్క ఇంట్లో ఉంటున్నాం మనం. ఒక్క కుండలో అన్నం తింటున్నాం. చెక్కకి చెప్పారు గానీ నాకు చెప్పలేకపోయారా?”

“చెబితే నువ్వు పాడతావా?” అన్నాడు వడ్రంగి. “వాడి మీద జాలితో గొంతు పెగిలేదా నీకు? వాడు ముందే అన్నాడు, వదినకి తెలిసిన రోజు మానేస్తానని. వాడు మానేస్తే నువ్వు మానేస్తావు. నాకున్నదంతా మీ ఇద్దరి పాటే. నా చేతనైంది నేను చేశాను.”

“మీ చేతనైంది చేశారు,” అంది వదిన. “నా గొంతు చిత్రిక పట్టేశారు ఇద్దరూ కలిసి.”

వడ్రంగి గోడకు ఆనుకున్నాడు. పెద్ద చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకున్నాడు.

“వదినా,” అన్నాడు మరిది. “నీ పాట నేను ఇంతవరకూ వినలేదు. ఎప్పుడూ నీ నోరు కదలడమే చూశాను. విననిదాన్ని బాగుందని ఎలా అనను? బాగాలేదనీ ఎలా అనను? అందుకే లేచిపోయేవాణ్ణి.”

ఆ మాటకు వదిన కోపం ఉన్నచోటే కూలబడింది. ఇన్నేళ్ళు మోసిన కోపం. అది లేకపోయేసరికి వెళ్ళి బల్ల మీద కూర్చుంది. కూర్చున్నాక గుర్తొచ్చి ఉలిక్కిపడింది, అదే బల్ల అని.

నడవ చివరి కిటికీలోంచి పడే ఎండ కొలిమిలో ఇనుములా రంగు మారుతోంది. సౌండాయన గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా... అడగకూడదు గానీ, పొద్దు పోతోంది. ఆ ఇంకో గిటారిస్టుకి ఫోన్ చెయ్యనా? ఇక్కడే దగ్గర్లో ఉంటాడు. కుర్రాడు మంచివాడే.”

మరిది ఆయన పెదాలు చదివాడు. చదివాడని ఇప్పుడు వదినకు తెలుసు. గిటార్ మీది చేతుల పట్టు వదిలేసి, దాన్ని గోడకు ఆనించబోయాడు. పాడె దించే మనిషి కూడా అంత నెమ్మదిగా దించడు.

“కింద ఉన్నవి?” అని అడిగింది వదిన. “కిందివి ఉన్నాయా నీకు?”

“ఉన్నాయి వదినా,” అన్నాడు వెంటనే. “బల్ల ఉంటే ఉన్నాయి.”

వడ్రంగి నోరు తెరిచాడు. తమ్ముడి ముఖం చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఆ క్షణాన వదిన అది పట్టించుకోలేదు.

“నా పాటలో ప్రతి చరణం చివరా కిందకి దిగే వరస ఉంది. అక్కడ నన్ను పట్టుకో. పైన నేనొక్కదాన్నే ఉంటాను, నీకు తోచినట్టు వాయించు. కిందకి వచ్చేసరికి ఉంటే చాలు.” లేచి, బల్ల ఒక కొస పట్టుకుంది. “ఏవండీ, రెండో వైపు పట్టండి. ఫోనూ వద్దు, ఎవరూ వద్దు. ఒక గది, ఒక మైకు.”

“కంపెనీవాళ్ళు వేరువేరుగా...” అన్నాడు సౌండాయన. తర్వాత తనే, “పోనీండి, వాళ్ళకి నేనేదో చెప్పుకుంటాను,” అని తలుపు బార్లా తీశాడు.

బల్ల గది మధ్యలో పడింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మరిది గిటార్ తలకు తగిలించుకున్న, శ్రుతి చూపే చిన్న మిషన్ మీద పచ్చలైటు వెలిగేదాకా తీగలు బిగించాడు. అద్దం అవతల సౌండాయన, ఆయన వెనక వడ్రంగి నిలబడ్డారు. ఎర్రలైటు వెలిగింది.

వదిన మడమ కమ్మీ మీద ఆనింది. ఊపిరి పీల్చుకుని, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న మేడ మీది గది తలుపు నెట్టినట్టు, పైకి ఎత్తుకుంది.

*కొండకొమ్మున నిలిచిన ఎండా, కాసేపాగవా...*

గొంతు మొదట జీర పోయింది. తర్వాత తుప్పు రాలి, నిలబడింది. ఉంది. ఇంకా ఉంది. ఆమెకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. పక్కన తీగలు ఆమెను అంటిపెట్టుకుని వస్తున్నాయి. ఆమె సాగదీసిన చోట సాగాయి, విరిచిన చోట విరిగాయి. పొద్దుట్నుంచి కుదరని పాట దూడ తల్లి వెంట నడిచినట్టు నడుస్తోంది.

*ఇల్లింకా దూరముంది, చీకటికి చెప్పవద్దు...*

కిందకి దిగింది. అతను అక్కడున్నాడు. అద్దం అవతల సౌండాయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

రెండో చరణంలో వదిన కావాలని ఒక మలుపు కొత్తగా తిప్పింది. మునుపెప్పుడూ తిప్పనిది. బాగా పైన. మరిది క్షణం కూడా తడుముకోకుండా ఆ మలుపు తిరిగాడు.

సంతోషంలో ఉండగానే వదినకు అనుమానం వచ్చింది. పైవి వినపడవన్నాడు కదా. పైవి చెక్కలోంచి పాదాలకు దిగవు కదా. మరి ఎలా పట్టుకున్నాడు?

ఓరగా చూసింది. మరిది తీగలు చూడటం లేదు. బల్ల వైపు మనసు పెట్టి వింటున్న మనిషిలాగా లేడు. అతని కళ్ళు ఆమె గొంతు మీద ఉన్నాయి. అక్కడ ఉబ్బి తగ్గే నరం మీద, కదిలే పెదాల మీద. రెప్ప వెయ్యడం లేదు.

పొద్దున ఆ గదిలో బల్ల లేదు. నిజమే. కానీ ఆమె ముఖం కూడా లేదు. మధ్యలో గోడ ఉంది.

వదిన మడమ కమ్మీ మీంచి తీసేసింది. తాళం ఆగింది. గిటార్ ఆగలేదు. వీసమెత్తు కూడా తడబడలేదు.

వద్దు, వద్దనుకుంది. తెలుసుకోకు, పాట పూర్తి కానీ, తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. పాట మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా. దిగే వరస వచ్చేసింది. అతను ఉన్నాయన్న కింది స్థాయి, బల్ల మోసుకొస్తుందన్న స్థాయి.

వదిన నోరు తెరిచింది. పెదాలు ఒక్కొక్క మాటా పలికాయి. ఇల్లింకా దూరముంది. గొంతు మాత్రం విప్పలేదు.

మైకులోకి గాలి కూడా పోలేదు. అద్దం అవతల సౌండాయన అదిరిపడి కళ్ళు తెరిచి, మైకు పోయిందనుకుని గుండీల మీద పడ్డాడు. ఆయన వెనక వడ్రంగి మాత్రం కదల్లేదు. భార్య వైపు చూడలేక కళ్ళు నేలకి దించుకున్నాడు.

మరిది వాయిస్తున్నాడు. లేని గొంతు పక్కన, దానికి దారి ఇస్తూ, అది ఆగినచోట ఆగుతూ, అది దిగినచోట దిగుతూ. ముఖం వెలిగిపోతోంది. వరస అయిపోయింది. తర్వాతి చరణానికి ముందు గిటార్ ఒక్కటే నడిచే చోటు అది. ఎర్రలైటు ఇంకా వెలుగుతోంది. వదిన గొంతు తెచ్చుకోవాలని చూస్తోంది, రావడం లేదు.

అతను ఆమె వైపు వంగాడు. ఎర్రలైటులో మాట్లాడకూడదన్నది కూడా అతను పెట్టిన కట్టుబాటే. గుసగుసగా అంటున్నాననుకున్నాడేమో, గది గోడలు మోగేలా అన్నాడు.

“ఆపకు వదినా. ఇంత బాగా నువ్వెప్పుడూ పాడలేదు.”